బస్తర్‌లో ఒక హైజంపు

2024 డిసెంబర్ 13, 14 తేదీలలో లోక్‌సభలో రాజ్యాంగంపై ప్రత్యేక చర్చ జరిగింది. రాజ్యాంగానికి 75 సంవత్సరాలు నిండిన సందర్భమది. పత్రికా ప్రతినిధుల గ్యాలరీలో చోటు దొరకడమే కష్టమైన రోజులు. శనివారం సాయంత్రం ప్రధానమంత్రి సమాధానం చెప్పేవరకు సభ నడిచింది. ఆ శనివారం నాడు నేను గ్యాలరీలో లేను. జగదల్పూరులో ఒక మైదానం అంచున నిలబడి ఆదివాసీ బాలికల హైజంపు పోటీ చూస్తున్నాను. పార్లమెంటు వార్తలు వ్రాసి పొట్టపోసుకునే మనిషి సరిగ్గా ఆ రెండు రోజులే ఎంచుకొని ఆటల పోటీలకు పోవడమేమిటని ఢిల్లీ మిత్రులు పరిహాసం చేశారు. రాజ్యాంగ పరిషత్తులో ఆదివాసుల పక్షాన గొంతెత్తిన జైపాల్ సింగ్ ముందు ఆటగాడు, తరువాతనే నాయకుడు అనే సంగతి వారికి జ్ఞాపకం చేయవలసి వచ్చింది. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో భారత హాకీ జట్టుకు ఆయనే కెప్టెన్. ఐ.సి.ఎస్. శిక్షణలో ఉండగా ఆటకోసం వెళ్ళాడు. తిరిగి రాగానే ప్రొబేషన్ మళ్ళీ మొదటినుంచి చేయమన్నారు. ఆయన ఉద్యోగాన్నే వదులుకున్నాడు. ఐ.సి.ఎస్.ను కాదన్న మనిషి ఒకడున్నాడంటే నమ్మని తరం అది.

ఏడాది దాటిన తరువాత ఆ రోజు ముచ్చట ఇప్పుడెందుకని పాఠకులు అడగవచ్చు. బస్తర్ ఒలింపిక్స్ రెండవసారి కూడ జరిగి, 2025 డిసెంబర్ 13న జగదల్పూరులోనే ముగిశాయి. మొదటిసారి పేర్లు నమోదు చేసుకున్నవారు 1 లక్షా 65 వేల మంది. రెండవసారి 3 లక్షల 91 వేలు. రెండుసార్లు ముగింపు సభకు కేంద్ర హోంమంత్రి అమిత్ షా స్వయంగా వచ్చారు. క్రీడల మంత్రి రావలసిన చోటికి హోంమంత్రి రావడంలోనే ఈ పోటీల స్వభావం సగం తెలిసిపోతుంది. మిగిలిన సగం ఏమిటన్నది తెలియాలంటే మైదానానికి వెళ్ళవలసిందే.

నేను వెళ్ళడానికి మరొక కారణం కూడ ఉన్నది. ఢిల్లీ కంటోన్మెంటులో చలికాలంలో జరిగే గుర్రపు ప్రదర్శనలకు అప్పుడప్పుడు వెళుతుంటాను. గుర్రం మీద కూర్చొని అడ్డుకర్రలు దూకించే పోటీ అక్కడ ముఖ్యమైన వినోదం. కర్ర ఒకటి పడితే నాలుగు తప్పులు లెక్క. గుర్రం మొండికేసి ఆగిపోతే అదీ తప్పే. సైనికాధికారులు, పెద్ద బడుల పిల్లలు, దౌత్య కార్యాలయాల కుటుంబాలు, గడ్డిమీద కుర్చీలు, తేనీరు. అక్కడివారందరూ తమను సగర్వంగా అమెచ్యూర్లమని చెప్పుకుంటారు. డబ్బుకోసం ఆడేవారం కాము, ప్రేమతో ఆడేవారమని దాని అర్థం. లాటిన్‌లో ప్రేమించడమనే ధాతువునుంచి పుట్టిన మాట అది. కళాశాలలో ఆంగ్ల సాహిత్యం చదువుకున్నప్పుడు ఈ వ్యుత్పత్తి ఎంతో అందంగా తోచింది. గుర్రానికయ్యే మేత, దాణా, లాడాలు, సాహిణీ జీతం లెక్కవేసిన తరువాత మాత్రం, ప్రేమించడానికి కూడ కొంత ఆస్తి ఉండాలేమోననే అనుమానం కలిగింది.

ఈ అనుమానానికి చరిత్రలో ఆధారం లేకపోలేదు. ఒలింపిక్స్ గుర్రపుస్వారీ పోటీలలో 1948 వరకు సైన్యంనుంచి వచ్చేవారు కమిషన్డ్ అధికారులై ఉండాలని నియమం. మామూలు సిపాయికి గుర్రమే జీవనోపాధి కనుక అతడు అమెచ్యూరు కాడట. అధికారికీ జీతమే వస్తుంది కదా అని ఎవరూ అడగలేదు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో డ్రెసాజ్ జట్టు స్వర్ణం స్వీడన్‌కు వచ్చింది. ఆ జట్టులోని గెనాల్ పెర్సన్ నిజానికి సార్జెంటు. పోటీకోసం తాత్కాలికంగా అధికారి హోదా ఇచ్చారని బయటపడి మరుసటి సంవత్సరం ఆ పతకాన్ని లాగివేసుకున్నారు. స్వారీలో లోపమేమీ లేదు, భుజంమీది గుర్తులోనే లోపం. 1952లో నియమం మార్చవలసి వచ్చింది. అదే పెర్సన్ ఆ సంవత్సరం మళ్ళీ స్వర్ణం గెలిచిన జట్టులో ఉన్నాడు. మన దేశం సంగతి చెప్పాలంటే, 1982 ఢిల్లీ ఆసియా క్రీడలలో మూడు రోజుల స్వారీ పోటీకి స్వర్ణం తెచ్చినవాడు 61వ క్యావల్రీకి చెందిన రఘుబీర్ సింగ్. ఆయన అప్పుడు దఫేదారు. పాత నియమమే ఉండి ఉంటే ఒలింపిక్స్ మైదానంలో అడుగు పెట్టనిచ్చేవారు కారు.

అంతకంటె క్రూరమైనది జిమ్ థోర్ప్ కథ. అమెరికా ఆదివాసి. 1912 స్టాక్‌హోమ్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండూ గెలిచాడు. అంతకుముందెప్పుడో చిన్న ఊళ్ళ బేస్‌బాల్ జట్లలో కొద్దిపాటి కూలికి ఆడాడని తెలిసి 1913లో పతకాలు వెనక్కి తీసుకున్నారు. ఆయన 1953లో మరణించాడు. 1982లో సహ విజేతగా గుర్తించి, 2022లో గాని ఏకైక విజేతగా పేరు పునరుద్ధరించలేదు. కూలి తీసుకోకుండా ఆడగల స్తోమత ఉన్నవారు పెట్టిన నియమం ఆ స్తోమత లేనివారికి ఎట్లా వర్తిస్తుందో ఇంతకంటె వివరంగా చెప్పనక్కరలేదు. బస్తర్ పిల్లలు ఏ ప్రేమతో ఆడుతున్నారో, ఎవరి ఖర్చుతో ఆడుతున్నారో చూడాలనిపించింది.

రాయపూరునుంచి జగదల్పూరుకు సుమారు 300 కిలోమీటర్ల రోడ్డు. ధమ్‌తరి, కాంకేర్ దాటి కేశ్‌కాల్ ఘాటు మలుపులు ఎక్కితే బస్తర్ పీఠభూమి. ఆ రోడ్డు జగదల్పూరుతో ఆగదు. సుక్మా, కుంట మీదుగా భద్రాచలం వచ్చి, చివరకు కృష్ణా తీరాన ఇబ్రహీంపట్నం చేరుతుంది. 1323లో ఓరుగల్లు పతనమైన తరువాత ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు గోదావరి దాటి ఈ రాజ్యాన్ని స్థాపించాడని బస్తర్ రాజవంశం చెప్పుకుంటుంది. దంతేశ్వరి వారి కులదైవం. మన తెలుగువారికి బస్తర్ అంటే పోలీసు వార్తలే జ్ఞాపకం వస్తున్నాయి గాని, అది మన పెరటిగోడ అవతలి ఇల్లు.

కొండగాఁవ్‌లో కారు ఆపించాను. పోత కంచు బొమ్మలకు, కాల్చిన మట్టి బొమ్మలకు పేరుపడ్డ ఊరు. ఒక కుమ్మరి ఇంటి ముందు మట్టి గుర్రాలు వరుసగా ఆరబెట్టి ఉన్నాయి. ఊరి పొలిమేర కాచే రావుదేవుడు గుర్రంమీద తిరుగుతాడని ఇక్కడి నమ్మకం. మొక్కు తీరినవారు మట్టి గుర్రం సమర్పిస్తారు. ఈ అడవులలో బతికిన గుర్రం ఎన్నడూ ఆదివాసిది కాదు. రాజుది, దొరలది, లేదా దేవుడిది. అందుకే కాబోలు, ఆదివాసి తన గుర్రాన్ని మట్టితో చేసుకున్నాడు. నేటి దొరలకు జీపులున్నా గుర్రంతో సంబంధం పూర్తిగా తెగలేదు. హైదరాబాదులోని జాతీయ పోలీసు అకాడమీలో ఐ.పి.ఎస్. శిక్షణ పొందే ప్రతివారూ స్వారీ నేర్చుకుంటారు. బస్తర్‌లో పనిచేసి వచ్చిన ఒక అధికారి ఒకప్పుడు ఢిల్లీలో నాతో అన్నమాట ఇది. “అకాడమీలో మొదటి పాఠం కళ్ళెం బిగించి పట్టుకోవద్దని. గుర్రం దూకేటప్పుడు నోరు లాగితే అది ఆగిపోతుంది, లేదా మనలను పడవేస్తుంది.” ఇరవయ్యవ శతాబ్దపు తొలి సంవత్సరాలలో కాప్రిల్లి అనే ఇటలీ సైనికుడు ప్రచారం చేసిన పద్ధతి అది. అంతకుముందు రౌతులు దూకేటప్పుడు వెనక్కు వాలి కళ్ళెం లాగేవారు. ఆయన వచ్చి, ముందుకు వంగండి, గుర్రాన్ని దాని మానాన దూకనివ్వండి అన్నాడు. ఆ పాఠం జిల్లా పరిపాలనలో ఎంతవరకు పనికివచ్చిందని అడిగితే ఆ అధికారి నవ్వి ఊరుకున్నాడు.

ఇక మైదానం సంగతి. పోటీలు మూడు అంచెలు. నవంబరులో బ్లాకుల స్థాయిలో మొదలై, జిల్లాలకు, అక్కడినుంచి డివిజన్ స్థాయికి వస్తారు. బస్తర్, కాంకేర్, కొండగాఁవ్, నారాయణపూర్, దంతేవాడ, సుక్మా, బీజాపూర్, ఈ ఏడు జిల్లాలవారు. పరుగులు, దూకుళ్ళు, విసుళ్ళు, విలువిద్య, కబడ్డీ, ఖోఖో, ఫుట్‌బాలు, హాకీ, వాలీబాలు, కరాటే, తాడులాగుడు. అడవిదున్న, కొండగోరింక పోటీల చిహ్నాలు. రెండూ ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర చిహ్నాలే. రెండూ అడవిలో అరుదైపోయినవే. ఎవరు ఎంపిక చేశారో గాని, నవ్వాలో ఏడవాలో తెలియని ఎంపిక.

ఫుట్‌బాలు వైపు జనం ఎక్కువ. హైజంపు వద్ద మహా అయితే నూరుమంది. బాలికలలో చాలామంది చెప్పులు, బూట్లు లేకుండానే పరుగెత్తి దూకుతున్నారు. వారు దూకే తీరు చూస్తే ఎవరు ఎక్కడ నేర్చుకున్నారో చెప్పవచ్చు. నేడు ప్రపంచంలో పెద్ద పోటీలలో దూకేవారందరూ వీపు కర్రవైపు త్రిప్పి వెల్లకిలా దాటుతారు. 1968 మెక్సికోలో ఫాస్‌బరీ అనే అమెరికన్ ఆ పద్ధతితో స్వర్ణం గెలిచిన తరువాత లోకమంతా దానినే అనుసరించింది. అయితే ఆ పద్ధతికి మనిషి మెడమీద, భుజాలమీద వచ్చి పడతాడు. కింద మెత్తని మందపాటి పరుపు ఉండాలి. ఇసుక గుంటలో అట్లా పడితే మెడ విరుగుతుంది. అందువలన పరుపు లేని బడిపిల్లలు పాతకాలపు కత్తెర దూకుడే దూకుతారు. పక్కనుంచి పరుగెత్తి వచ్చి ఒక కాలు తరువాత ఒక కాలు కర్ర దాటించి, పాదాలమీద దిగుతారు. జగదల్పూరులో నేను చూసినంతసేపు వెల్లకిలా దూకినవారు ఇద్దరో ముగ్గురో. మిగిలినవారందరూ కత్తెరలే. ఆర్థిక సర్వే చదివితే తెలియని సంగతులు కొన్ని ఇట్లా కర్రమీద తెలుస్తాయి.

కర్ర ఛాతీ ఎత్తుకు లేచేసరికి నలుగురు మిగిలారు. అందులో ఒక పదహారేళ్ళ అమ్మాయి కుంట ప్రాంతంనుంచి వచ్చింది. ఆమె పక్కన నిలబడ్డ డ్రిల్లు మేష్టారుతో తెలుగులో మాట్లాడుతుండగా విని దగ్గరకు వెళ్ళాను. దోర్ల తెగకు చెందిన పిల్ల. ఇంట్లో తమ మాట, అంగడిలో తెలుగు, బడిలో హిందీ.

“ఎక్కడ నేర్చుకున్నావమ్మా?” అని అడిగాను.

“బడిలోనే సార్. రెండు వెదురు గుంజలు పాతి తాడు కట్టేటోళ్ళం.”

“తాడు తగిలితే పడిపోవూ?”

“పడతాం సార్,” అని మేష్టారువైపు చూసి నవ్వింది. “అందుకే తగలకుండ దూకడం వచ్చింది.”

ఆమె చదివేది పోటా క్యాబిన్ అనే వసతి పాఠశాలలో. ఈ మాటకొక చరిత్ర ఉన్నది. సంఘర్షణ కాలంలో బడి భవనాలను మావోయిస్టులు కూల్చివేశారు. మిగిలిన వాటిలో కొన్నింట భద్రతా దళాలు మకాం వేశాయి. బడులను ఖాళీ చేయవలసిందని సుప్రీంకోర్టు ప్రభుత్వాన్ని ఆదేశించవలసి వచ్చింది. ఊళ్ళలో బడులు లేని పిల్లలకోసం రోడ్ల వెంట వెదురుతో నిర్మించిన తాత్కాలిక వసతి గృహాలే ఈ పోటా క్యాబిన్లు. తాత్కాలికమన్న మాట మన దేశంలో ఎంతకాలం నిలుస్తుందో వేరుగా చెప్పనక్కరలేదు. ఆ అమ్మాయి మేనమామ కుటుంబం సల్వాజుడుం కాలంలో సరిహద్దు దాటి భద్రాచలం వైపు అడవులలో గుడిసె వేసుకున్నదట. 2005 తరువాత అట్లా వచ్చిన వేలాది కుటుంబాలను మనం గుత్తికోయలంటున్నాము.

సల్వాజుడుం పేరు వచ్చింది కనుక ఒక సంగతి చెప్పక తప్పదు. ఆ కాలంలో అయిదవ తరగతి చదివిన ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా చేర్చుకొని, నెలకు 3,000 రూపాయల గౌరవ వేతనమిచ్చి తుపాకులు పట్టించారు. ఆ ఏర్పాటు రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలై 5న జస్టిస్ సుదర్శన్ రెడ్డి, జస్టిస్ నిజ్జర్ తీర్పు చెప్పారు. ఆ సుదర్శన్ రెడ్డిగారే 2025లో ఉపరాష్ట్రపతి పదవికి ప్రతిపక్షాల అభ్యర్థి అయినప్పుడు, ఆ తీర్పునే ఎత్తిచూపి హోంమంత్రి విమర్శించిన సంగతి పాఠకులకు జ్ఞాపకం ఉండవచ్చు. తీర్పు మంచిచెడ్డలు న్యాయవాదులు తేల్చుకుంటారు. తుపాకి పట్టించడానికి తగినవారుగా ఒకప్పుడు ఎంచుకున్న వయసుకూ, ఇప్పుడు పరుగుపందెంలో నిలబెట్టిన వయసుకూ పెద్ద తేడా లేదన్నది మాత్రం మైదానంలో నిలబడి చూసినవారికెవరికైనా తట్టకమానదు. రెండవ పక్షమూ అదే వయసు పిల్లలను దళాలలోకి తీసుకున్నది. ఇద్దరికీ కావలసిన పిల్లలే ఇప్పుడు బంతి వెంట పరుగెడుతున్నారు. ఈ ఒక్క కారణానికే ఈ పోటీలను నేను తక్కువచేసి మాట్లాడను.

లొంగిపోయిన మావోయిస్టులకు, మందుపాతరలలో కాళ్ళు చేతులు పోగొట్టుకున్నవారికి ‘నువా బాట్’ అనే విభాగం ఏర్పాటు చేశారు. హల్బీలో కొత్త దారి అని అర్థం. మొదటి సంవత్సరం 300 మంది, రెండవ సంవత్సరం 700 మందికి పైగా పాల్గొన్నారని ప్రభుత్వం చెప్పింది. పాతర పెట్టిన వర్గంవాడూ, పాతరలో కాలు పోయినవాడూ ఒకే చొక్కా తొడుక్కొని ఒకే వరుసలో నడవడం చూశాను. చూస్తుండగా గొంతులో ఏదో అడ్డుపడ్డది. అంతలోనే వారి చుట్టూ కెమెరాలు మూగాయి. వారిలో ఒక యువకుడు కెమెరాకు వీపు త్రిప్పి నిలబడ్డాడు. సిగ్గో, భయమో, విసుగో అతనికే తెలియాలి. ఊరికి తిరిగివెళ్ళి బతకవలసినవాడు కదా, ముఖం దాచుకోవడానికి అతనికి కారణాలుండవచ్చు.

అసలు చిక్కు ఇక్కడే ఉన్నది. 2026 మార్చి 31 నాటికి మావోయిస్టు ఉద్యమాన్ని తుడిచిపెడతామని ప్రభుత్వం గడువు ప్రకటించింది. రెండు పోటీల నడుమ సంవత్సరంలోనే, 2025 మే 21న అబూజ్‌మఢ్‌లో ఆ పార్టీ ప్రధాన కార్యదర్శి, శ్రీకాకుళం జిల్లావాడైన నంబాళ్ళ కేశవరావు హతుడైనాడు. నవంబర్ 18న మారేడుమిల్లి అడవులలో సుక్మా జిల్లాకు చెందిన హిడ్మా హతుడైనాడు. ఒక చేత ఈ లెక్క, మరొక చేత ఆటగాళ్ళ లెక్క. ఉపన్యాసాలలో రెండూ పక్కపక్కనే వినిపిస్తున్నాయి. ఆడడానికి వచ్చిన పిల్లను ఒక విధానం విజయానికి సాక్ష్యంగా నిలబెట్టినప్పుడు, రేపు ఆ పిల్ల రాకపోతే అదీ సాక్ష్యమే అవుతుంది. ఎందుకు రాలేదని ఊరిలో అడుగుతారు. ప్రేమతో ఆడడమంటే ఆడకపోవడానికి కూడ స్వేచ్ఛ ఉండడమే. గుర్రపు ప్రదర్శనలో కుర్చీలమీద కూర్చున్నవారికి ఆ స్వేచ్ఛ పుట్టుకతోనే వచ్చింది.

బస్తర్ వీరులను ఆటలతో ముడిపెట్టడం ఛత్తీస్‌గఢ్‌కు కొత్త కాదు. ఆ రాష్ట్రం క్రీడలకిచ్చే పురస్కారం పేరు గుండాధుర్ సమ్మాన్. 1910 భూమ్‌కాల్ తిరుగుబాటుకు నాయకత్వం వహించి బ్రిటిషువారికి చిక్కకుండా మాయమైన ధుర్వా వీరుడాయన. విలువిద్యకిచ్చే పురస్కారానికి మహారాజా ప్రవీర్‌చంద్ర భంజ్‌దేవ్ పేరు పెట్టారు. 1966 మార్చి 25న జగదల్పూరు రాజభవనంలోనే పోలీసు కాల్పులలో ఆయన మరణించాడు. ఆయనను నమ్ముకొని ఆనాడు అక్కడ చేరిన ఆదివాసుల చేతులలో ఉన్నవి విల్లంబులు. ఆ విల్లుకే ఇప్పుడు పతకం. ప్రభుత్వాలు తాము కాల్చినవారి పేర్లతోనే బహుమతులిచ్చే కాలం ఒకటి వస్తుంది. అందులో పశ్చాత్తాపం పాలెంతో మరపు పాలెంతో వేరుచేసి చూడడం నా శక్తికి మించిన పని.

హైజంపు చివరికి ఇద్దరి మధ్య తేలింది. కుంట అమ్మాయి మూడవదిగా వెనుదిరిగింది. మూడవ ప్రయత్నంలో శరీరమంతా దాటి మడమ తగిలింది. కర్ర కొంతసేపు ఊగి, పడాలా వద్దా అని ఆలోచించి పడినట్టు పడ్డది. ఆమె లేచి ఇసుకా గడ్డీ లేని ఆ పరుపును చేత్తో రెండుసార్లు నొక్కి చూసుకొని వచ్చింది. ఓడినందుకు బాధపడుతున్నదేమోనని పలకరించబోతే, పరుపు గురించే మేష్టారుతో చెబుతున్నది.

మేష్టారు నన్ను పక్కకు పిలిచి, “అయ్యా, మీరు ఢిల్లీవారు. అటువంటి పరుపు ఎక్కడ దొరుకుతుంది, ఎంతవుతుంది?” అని అడిగాడు. ముగింపు సభకు వచ్చే మంత్రులు ఏమి ప్రకటిస్తారని ఆయన అడగలేదు. ఢిల్లీ వచ్చిన తరువాత కనుక్కొని ధర తెలియజేశాను. ఆయన జీతంలో కొన్ని నెలలకు సమానం. ఎవరెవరికి అర్జీలు పెట్టాడో, ఏ కాగితం ఎక్కడ ఆగిందో ఆయన చెప్పాడు గాని, ఆయన ఉద్యోగానికి చేటు తెచ్చే మాటలు ఇక్కడ వ్రాయను.

రెండవ ఒలింపిక్స్ ముగిసిన వారంలో ఆయనకు ఫోను చేశాను. పరుపు రాలేదు. అమ్మాయికి వయసు దాటి పెద్దల విభాగంలోకి వెళ్ళింది, ఈసారి జిల్లా స్థాయిలోనే ఆగిపోయింది. అయితే వరికోతల తరువాత ఊళ్ళోవారిని అడిగి గోనెసంచులలో గడ్డి కూరి, నడుమెత్తు పేర్చి, దానిమీద పాత టార్పాలిన్ పరిచారట. మొదట ఎవరూ ధైర్యం చేయలేదు. ఆ అమ్మాయే ముందు దూకిందని, వీపు కర్రవైపు త్రిప్పి వెల్లకిలా దాటిందని, ఇప్పుడు చిన్న తరగతుల పిల్లలు పన్నెండుమంది ఆమె వద్ద నేర్చుకుంటున్నారని చెప్పాడు. గడ్డి వారానికొకసారి విప్పి ఆరబెట్టాలట, లేకపోతే కుళ్ళుతుందట.